తిప్ప మీది గడ్డి

కాకినాడ,
12-6-1999.

చి. గణేష్‌బాబుకి,

మామూలుగా అయితే ఇక్కడ ఆశీస్సులు రాయాలి. రాయబుద్ధి కావడం లేదు. నువ్వెలా ఉన్నావని, మీ ఆవిడ ఎలా ఉందని అడిగే ఓపిక కూడా ఇప్పుడు లేదు. ఎదురుగా ఉంటే చెవి మెలిపెట్టేదాన్ని. హైదరాబాదులో ఉన్నావు కాబట్టి బతికిపోయావు.

నిన్న పొద్దున్న చిన్నమ్మాయి వచ్చింది. గుర్తుందా, ఉప్పుమెరకలో మనకి సముద్రపొడ్డు బురద తిప్ప చూపించే ఆవిడ? మీ బ్యాచ్‌ని ఫీల్డ్ ట్రిప్‌కి తీసుకెళ్లినప్పుడు నువ్వు నడుం దాకా బురదలో దిగబడితే, రెక్క పుచ్చుకుని పైకి లాగిందే, ఆ చిన్నమ్మాయి. పీతల బుట్ట అడుగున ఒక కాగితాల కట్ట పెట్టుకుని తెచ్చింది. పంచాయతీ ఆఫీసులో ఉంచిన రిపోర్టు తాలూకు తెలుగు సారాంశం అది. తిప్పని తవ్వేసి, పెద్ద పడవలు రావడానికి కాలవ తీస్తారట. ఎవరిదో ప్రైవేటు జెట్టీ అట. వచ్చేనెల ఎనిమిదో తారీకున ఊళ్లో షామియానా వేసి జనం అభిప్రాయం అడుగుతారట. "మా పిల్ల పావని చదివిందండీ, దానికీ తలా తోకా తెలీలేదు. మా తిప్ప గురించి ఏం రాశారో మీరు చెప్పండి మేడంగారండీ" అంది.

పధ్నాలుగో పేజీ, మూడో పేరా. "ఈ ప్రాంతంలో కొద్దిపాటి సముద్రపు నాచు మినహా చెప్పుకోదగిన వృక్షజాలం లేదు." కింద సంతకం: బి. గణేష్‌బాబు, ఎం.ఎస్సి., వృక్షశాస్త్ర నిపుణుడు. ఆ నిపుణుడన్న మాట దగ్గర నాకు ఒళ్లు మండిపోయింది నాయనా. చదవేస్తే ఉన్న మతి పోయిందని మనవాళ్లు ఊరికే అనలేదు.

నాచా? ఏం నాచు? డిగ్రీ ఫస్టియర్ పిల్లకి చెప్పినట్టు చెబుతాను విను, నీ స్థాయి అదేనని తేలింది కాబట్టి. నాచుకి వేరుండదు. రాయినో కర్రనో పట్టుకుని ఉండడానికి అడుగున ఒక పట్టు ఉంటుంది, అంతే. ఈనె ఉండదు. పువ్వు పుయ్యదు, కాయ కాయదు. ఇప్పుడు తిప్ప మీది మొక్కని తీసుకో. నిన్న చిన్నమ్మాయి బుట్టలో పీతల కాళ్లకి చుట్టుకుని నాలుగు మొక్కలు వచ్చాయి, వాటిని కడిగి పళ్లెంలో వేసుకుని చూస్తూ రాస్తున్నాను. అడుగున దారమంత సన్నటి కొమ్ము పాకుతూ ఉంది. కణుపు కణుపుకీ కిందికి ఒక వేరు, పైకి రెండు ఆకులు. ఆకుకి విడిగా కాడ ఉంది. ఆకు కోలగా, బొటనవేలి గోరంత ఉంది. దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే మధ్యలో నడి ఈనె, అంచు వెంబడే చుట్టూ తిరిగిన ఇంకో ఈనె, ఆ రెండిటినీ కలుపుతూ ఏటవాలుగా అడ్డ ఈనెలు కనబడుతున్నాయి. ఒక్కో పక్క పధ్నాలుగు అడ్డ ఈనెలున్నాయి. కళ్లజోడు కూడా అక్కర్లేదు, మంచి ఎండ చాలు. వీటిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. నీళ్ల అడుగునే పువ్వు పూసి, పుప్పొడిని నీళ్లకి అప్పగించి, బురదలో కాయ కాస్తుంది. నాచుకి ఇంత సంసారం ఉంటుందా?

పేరు హేలోఫిలా ఒవాలిస్. ఉప్పంటే ఇష్టపడేది, కోల ఆకుది అని అర్థం. కుటుంబం హైడ్రోకారిటేసి. అంటే మన కాలవల్లో పెరిగే హైడ్రిల్లాకీ వాలిస్నేరియాకీ దాయాది. వాలిస్నేరియా బొమ్మ మీ క్లాసులో నీ అంత బాగా వేసినవాడు లేడు. ఆ బొమ్మని పైవాళ్ల క్లాసులో కూడా చూపించాను నేను, సిగ్గు లేకుండా.

దీన్ని వరి, గరిక వచ్చే గడ్డి కుటుంబంలో కలపరని నాకూ తెలుసు, ఆ తెలివి నా దగ్గర చూపించకు. లోకమంతా సముద్రపు గడ్డి అనే అంటోంది. గడ్డి ఉన్న తిప్ప అని కాగితం మీద పడితే, దాన్ని తవ్వడానికి ఎవరూ అంత తేలిగ్గా ఒప్పుకోరు. నాచు అంటే ఎవరికి లెక్క? నీళ్లతొట్టిలో పట్టేదీ నాచే, గీకి పారేస్తారు. ఒక్క మాటతో, ఆ తిప్ప మీద గుల్లలూ పీతలూ ఏరి అమ్ముకునే ముప్ఫై గడపల ఆడవాళ్ల బతుకు గీకి పారేశావు. అసలు జీపు దిగావా? దిగితే వంగావా? లేక జెట్టీవాళ్లేం రాయమంటే అది రాసిచ్చావా? ఎనిమిదో తారీకు లోపల నీ తప్పు ఒప్పుకుంటూ మీ ఆఫీసుకి ఉత్తరం రాయి. దాని నకలు నాకు పంపు.

సత్యలక్ష్మి.


కాకినాడ,
23-6-1999.

గణేష్‌బాబుకి,

పదకొండు రోజులయింది. ఉత్తరం లేదు. ఇంటికి ఫోన్ చేస్తే మీ ఆవిడ "క్యాంపుకి వెళ్లారండీ" అంది. ఎప్పుడూ క్యాంపుల్లోనే ఉండే మనిషికి కాళ్ల కింద ఏముందో కనబడకపోవడం విచిత్రం.

మొన్న ఆదివారం నేనే ఉప్పుమెరక వెళ్లాను. నలభై ఏడేళ్ల మనిషిని, మోకాళ్ల నొప్పులదాన్ని, చీర ఎగ్గట్టి బురదలో దిగాను. పాటు వేళ, అంటే నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు, తిప్ప బయటపడుతుంది కదా. అప్పుడు ఆడవాళ్లంతా గంపలు పట్టుకుని గుల్లలు ఏరడానికి దిగారు. నేను చిన్నమ్మాయి వెనకాలే నడిచాను. ఆవిడ ఆకులున్న చోటే చెయ్యి పెడుతోంది. ఆకులు లేని చోట చూడను కూడా చూడడం లేదు. "ఇక్కడుంటేనే అండీ గుల్ల. రొయ్యపిల్ల కూడా దీని కిందే నక్కుతుంది. ఈ నాచు పోతే ఇంకేముందండీ, ఉత్త బురదే" అంది. చూశావా? నీ రిపోర్టు చదివించుకుని పాపం ఆవిడ కూడా నాచు అనడం మొదలుపెట్టింది! "నాచు కాదు చిన్నమ్మాయీ, గడ్డి" అని రెండుసార్లు సరిదిద్దాను. ఆవిడ నా మొహంలోకి అదోలా చూసి "అలాగేనండీ" అంది. నువ్వు చేసిన చెరుపు ఎంత దూరం పాకిందో అర్థమైందా?

మొక్కలు తెచ్చి కాలేజీలో మైక్రోస్కోపు కింద పెట్టాను. దీన్ని పోలిన చుట్టాలు ఇంకో రెండున్నాయి కదా, రేపు ఎవరైనా అడిగితే తడుముకోకూడదని. డెసిపియెన్స్ అయితే ఆకు అంచున రంపపు పళ్లలాంటివి ఉండాలి, ఆకు మీద నూగు ఉండాలి. లేవు, అంచు నున్నగా ఉంది. మైనర్ అయితే ఆకు ఇంకా చిన్నది, అడ్డ ఈనెలు తక్కువ. పాతిక ఆకులు చూశాను, ఒక్కదానిలోనూ పన్నెండుకి తగ్గలేదు. కాబట్టి ఒవాలిసే. ఈ పని నువ్వు చెయ్యాల్సింది. అరపూట పని. ఆ అరపూట నీకు లేకపోయింది.

నీకు ఇంకొక మాట చెప్పాలి. ఎనిమిదో తారీకు సభలో నేను మాట్లాడతాను. పేరు రాయించుకున్నాను కూడా. ఈ రిపోర్టు రాసిన మనిషి నా దగ్గర మూడేళ్లు చదువుకున్నాడు, మొక్క ముట్టుకోకుండా సంతకం పెట్టాడు, ఇతని మాట నమ్మకండి అని నీ పేరు పెట్టి చెబుతాను. నీ ఉద్యోగం ఏమవుతుందో నాకు అనవసరం. మావాడు, మావాడు అని పదేళ్లుగా అందరికీ చెప్పుకుని తిరిగిన నోటితోనే చెబుతాను. ఇకమీదట నువ్వు నా శిష్యుడివని ఎక్కడా చెప్పుకోకు.

సత్యలక్ష్మి.


హైదరాబాద్,
29-6-1999.

పూజ్యులు మేడం గారికి,

గణేష్‌బాబు నమస్కరించి రాయునది. శ్రీకాకుళం వైపు క్యాంపులో ఉండి నిన్ననే వచ్చానండి. మీ రెండు ఉత్తరాలూ ఒకేసారి చూశాను. మా ఆవిడ చదవకుండా దాచాను, ఏమీ అనుకోకండి.

జీపు దిగానండి. రెండు రోజులు తిప్ప అంతా తిరిగాను. మొక్కలు పీకి చూశాను కూడా. వేర్లలా ఉన్నాయే అని అనుమానం వచ్చిందండి. కానీ నాకు సముద్రపు మొక్కలు కొత్త, మా ఎమ్మెస్సీలో అవి లేవు. రూముకి వచ్చి పుస్తకం తీశాను. ఆ తీరం మీద తెలుగులో ఉన్నది ఒకటే పుస్తకం కదండి. 1986లో కాలేజీ తరఫున మీరు రాసిందే. మీరు సంతకం చేసి నాకు ఇచ్చిన కాపీ ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంటుంది. ముప్ఫై ఒకటో పేజీ జిరాక్స్ తీసి ఇందులో పెడుతున్నాను. మీకు గుర్తుండకపోవచ్చని ఇక్కడ కూడా రాస్తున్నాను: "సముద్రపు నాచు. కోలగా ఆకులవంటి భాగాలు, సన్నని వేళ్లవంటి భాగాలు ఉండును. ఇది శైవలము (ఆల్గే). స్థానికులు పొరపాటున గడ్డి అందురు."

ఆ ఏడే మమ్మల్ని తిప్ప మీదకి తీసుకెళ్లారండి. నేను ఒక మొక్క పీకి, మొదలు దగ్గర చిన్న కాయలాంటిది ఉందండీ అని మీకు చూపించాను. మీరు అటు తిరిగి వేరేవాళ్లకి ఏదో చెబుతూ "ఏదో గుల్ల అంటుకుని ఉంటుంది, కడిగెయ్" అన్నారు. కడిగేశానండి.

మీ మీద నెపం పెట్టడానికి ఇది రాయడం లేదు. నేనూ ఎమ్మెస్సీ చదివినవాణ్ని, నా కళ్లు నేను వాడుకోవలసింది. పుస్తకంలో మీ అక్షరం చూశాక ఇంకేం చూడాలనిపించలేదు. తప్పు నాదేనండి. మా ఆఫీసులో అడిగాను. సభలో ఎవరైనా ఆధారంతో అభ్యంతరం చెబితే తప్ప ఇప్పుడు మార్చడం కుదరదన్నారు. ఏ పుస్తకం చూసి రాశానో తెలుగు సారాంశంలో లేదు. ఇంగ్లీషు రిపోర్టులో చివరి పేజీలో ఉంది, అంతదాకా ఎవరూ తిప్పరు. మీరు సభలో నా పేరు చెప్పండి మేడం. నేను చూడకుండా రాశాననే చెప్పండి. పుస్తకం సంగతి నేను ఎవరితోనూ అనను. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను.

మాస్టారు గారికి నమస్కారాలు చెప్పండి.

మీ
గణేష్‌బాబు.


కాకినాడ,
11-7-1999.

నాన్నా గణేష్,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. జిరాక్స్ కాగితం వైపు చూడకుండా దాన్ని మూడు రోజులు డ్రాయరులో పెట్టేశాను. మర్చిపోయాను నాయనా అని రాద్దామనుకున్నాను. నీకు గుర్తుండకపోవచ్చు అని నువ్వే దారి కూడా చూపించావు కదా. అబద్ధం. మర్చిపోలేదు. ఆరేళ్లుగా ఆ పేజీ నాకు గుర్తుంది.

నేను మండపేట పిల్లని. మా ఇంటి ముందు పంటకాలవలో నీళ్ల కింద పచ్చగా ఏది కనబడినా మాకు నాచే. హైడ్రిల్లా నాచే, వాలిస్నేరియా నాచే. ఎమ్మెస్సీ చదివి, ఉద్యోగం చేస్తూ కూడా ఆ కాలవ మాటని సముద్రం దాకా మోసుకెళ్లాను. చిన్నమ్మాయి మొదటిరోజే చెప్పింది నాకు, "ఇది గడ్డండీ" అని. గడ్డి కుటుంబం లక్షణాలు నాకు కంఠతా వచ్చు కదా, ఇందులో ఒక్కటీ కనబడలేదు. అందుకని గడ్డి కాదన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. నాచు అన్నాను. అచ్చు వేయించాను. వాళ్లది పొరపాటని కూడా రాశాను చూడు, ఆ పొగరు! మొక్కని కడిగి ఎండకి పట్టుకోవడం నాకు చేతకాలేదు గానీ, నీళ్లలో పుట్టి పెరిగినవాళ్లని దిద్దడం మాత్రం చేతనయింది.

తొంభై మూడులో రిఫ్రెషర్ కోర్సుకి వాల్తేరు వెళ్లాను. అక్కడ ఎవరో స్లైడు వేసి ఈ మొక్కని చూపించారు. ఈనెలు, పువ్వు, కాయ అన్నీ చూపించారు. చీకట్లో కూర్చున్నాను కాబట్టి నా మొహం ఎవరికీ కనబడలేదు. తిరిగి వచ్చాక నేను చేసిన పని ఏమిటో తెలుసా? లైబ్రరీలో ఉన్న ఏడు కాపీలూ నా పేరు మీద తీసుకుని, ఇంటికి తెచ్చి, బీరువా కింద తోసేశాను. మర్నాటి నుంచి క్లాసులో సముద్రపు గడ్డి అని పాఠం చెప్పడం మొదలుపెట్టాను, పుట్టినప్పటినుంచీ నాకు తెలిసినట్టు. ఇంట్లో మీ మాస్టారికి కూడా చెప్పలేదు. బయట మీ దగ్గర ఎన్ని కాపీలున్నాయో ఆలోచించనైనా లేదు. గురివింద గింజ సామెత నాకోసమే పుట్టినట్టుంది. నిన్ను అన్ని మాటలు అంటున్నప్పుడు ఆ కాపీలు నేను పడుకునే మంచానికి నాలుగు అడుగుల దూరంలో ఉన్నాయి.

నువ్వేమో నా తప్పు నీ నెత్తిన వేసుకుంటానని రాశావు. దానికి కూడా నాకు కోపమే వచ్చింది. నేనంత తీసికట్టుగా కనబడ్డానా నీకు? కాస్సేపాగి, అంతే కదా మరి, అనుకున్నాను.

సభ సంగతి చెబుతాను. షామియానా కింద పెద్ద అధికారులు నలుగురు, జెట్టీవాళ్ల తరఫున మాట్లాడే ఆయన ఒకాయన, ఎదురుగా ఊరంతా. నా వంతు వచ్చి నేను లేచేలోపల జెట్టీ ఆయన మైకు పుచ్చుకున్నాడు. "మేం చెప్పడం ఎందుకండీ, ఊరివాళ్లనే అడుగుదాం" అని ఒక బేసిన్‌లో నాలుగు మొక్కలు వేయించి, ముందు వరసలో కూర్చున్న పావనికి చూపించాడు. పావని అంటే చిన్నమ్మాయి కూతురు, ఇరవై ఏళ్లుంటాయి. "ఇదేంటమ్మా?" అన్నాడు. ఆ పిల్ల లేచి నిలబడి, చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు "నాచండీ" అంది. "ఇంకెవరైనా చెబుతారా?" అన్నాడు. పిల్లలూ కుర్రకారూ అంతా నాచే అన్నారు. ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఎవరి మీద చూపించను?

మైకు దగ్గరికి వెళ్లాను. రిపోర్టు రాసినాయన ఒక పుస్తకం చూసి రాశారు, ఆ పుస్తకం తప్పు, ఆ పుస్తకం రాసింది నేనేనండి, అన్నాను. ఒక కాపీ పట్టుకెళ్లాను కూడా. ముప్ఫై ఒకటో పేజీ నేనే చదివి వినిపించాను. చివరి వాక్యం మింగలేదు. ఊరంతా చూస్తుండగా "పొరపాటున" అని పైకి చదివాను. జెట్టీ ఆయన లేచి, "అప్పుడు తప్పు రాసినావిడ ఇప్పుడు ఒప్పు చెబుతోందని గ్యారంటీ ఏంటండీ?" అన్నాడు. నిజమే కదా. "నా మాట నమ్మకండి. అందులోంచి ఒక ఆకు తీసి ఎండలోకి వెళ్లి ఎత్తి పట్టుకోండి. నాచుకి ఈనెలుండవు" అన్నాను. తర్వాత మధ్యలో కూర్చున్న అధికారి లేచి, ఆకు తీసుకుని షామియానా బయటికి నడిచాడు. ఎండకి పట్టి చూశాడు. అటూ ఇటూ తిప్పాడు. జెట్టీ ఆయన చేతిలో పెట్టి వచ్చి కూర్చున్నాడు. మళ్లీ సర్వే చెయ్యాలని, అప్పటిదాకా తిప్ప జోలికి వెళ్లకూడదని రాయించాడు. నేను రాతపూర్వకంగా ఒప్పుకోవాలని అడిగితే అక్కడే కూర్చుని రాసిచ్చాను. మర్నాడు కాలేజీలో ప్రిన్సిపాల్‌గారు పిలిచి సంజాయిషీ అడిగారు. ఇస్తాను. అది పెద్ద విషయం కాదు.

గెలిచామని ఎగిరి గంతెయ్యకు. అసలు దెబ్బ తర్వాత తగిలింది. బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే చిన్నమ్మాయి నాతోపాటు వచ్చి నిలబడింది. నేను ఉండబట్టలేక, "మీ పిల్లలంతా నాచు అంటున్నారేంటి చిన్నమ్మాయీ? రిపోర్టు చదివేనా?" అని అడిగాను.

"రిపోర్టేంటండీ, అది మొన్న వచ్చింది కదా. మా అమ్మ, మా అమ్మమ్మ అంతా గడ్డనే అనేవోరండి. మీరొచ్చి కాదన్నారు కదండీ. చదువుకున్నోరు, మాకు తెలీనిదేదో తెలిసే ఉంటుందిలే అనుకున్నాను. రేపు బళ్లో తప్పు చెప్పి నలుగురిలో నవ్వులపాలవుతుందని, పావనికి చిన్నప్పటినుంచీ నాచనే నేర్పానండీ. మిగతావోళ్లు కూడా అంతేనండి" అంది.

ఒక్క పిసరు కోపం లేదురా ఆ గొంతులో. బస్సు ఎక్కేటప్పుడు నా సంచీ అందించి, "జాగ్రత్తండీ, మెట్టు ఎత్తు" అంది. ఆవిడ ఒక్క మాట తిట్టి ఉంటే నాకు ఈ మూడు రాత్రులూ నిద్ర పట్టేది.

సర్వే మళ్లీ మీ ఆఫీసుకే ఇస్తారంటున్నారు. నిన్నే పంపమని అడుగు. అడ్డ ఈనెలు నువ్వే చూసుకో, అంచు నువ్వే చూసుకో, కాయ కనబడితే కడగకు. నా పుస్తకం తీసుకురాకు. పేరు మాత్రం చిన్నమ్మాయిని అడిగి రాసుకో. పావని పక్కన ఉన్నప్పుడు అడుగు, ఆ పిల్ల వినాలి.

నీ
సత్యలక్ష్మి మేడం.